విశ్వాసి కథకుడు కావచ్చునా?

కథ చెప్పని మతం లోకంలో లేదు. ప్రవక్తల వృత్తాంతాలు, భక్తుల కష్టాలు, పాపుల పశ్చాత్తాపాలు కథలుగా చెప్పుకొనియే ప్రతి సమాజమూ తన పిల్లలకు మంచిచెడ్డలు నేర్పినది. అయినప్పటికీ మతనిష్ఠ గల ఇంట పుట్టిన యువకుడు కలం పట్టి నవల వ్రాయబూనితే మొదట కలవరపడేది ఆ ఇంటి పెద్దలే. ఈ కలవరం చర్చి నీడలోనూ, మసీదు నీడలోనూ ఒకే రీతిగా ఉంటుంది. పవిత్ర గ్రంథాన్ని తాకే చేతితో ఈ కట్టుకథలు వ్రాయడమేమిటని ఒకరు, వ్రాస్తే వ్రాయి గాని మనవాళ్లను నలుగురిలో చులకన చేయకుమని మరొకరు హెచ్చరిస్తారు. ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. ఈ వార్షిక సంచికకు కథలు పంపే ప్రతి విద్యార్థికీ, ఆ కథలను ఎన్నిక చేసే మన సంఘానికీ సంబంధించినది. అందుచేతనే దీనిని గురించి నా అభిప్రాయాన్ని ఇక్కడ నివేదించుకొంటున్నాను.

టెక్కలి ప్రాంతానికి చెందిన ఒక యువ క్రైస్తవ మిత్రుడు, ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్నవాడు, ఇప్పుడొక నవల వ్రాస్తున్నాడు. నవల ఇంకా అచ్చు కాలేదు గనుక అతని పేరు చెప్పను. కథ ఉద్దానం తీరంలోని ఒక పల్లెలో నడుస్తుంది. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫానులో కొబ్బరి తోట నేలకూలిన కుటుంబం వారిది. చెట్టు మళ్లీ కాపుకు వచ్చేదాకా బ్రతకాలి గదా! అందుచేత ఆ ఇంటి ఇల్లాలు పలాసలోని జీడిపప్పు కర్మాగారానికి పిక్కలు కొట్టే పనికి వెళుతుంది. జీడిపిక్క రసం తగిలి ఆమె వ్రేళ్లు నల్లబడి, చర్మం పొరలుగా ఊడిపోతుంది. ఆదివారం నాడు ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకొనవలసి వచ్చినప్పుడు ఆమె ఆ చేతులను కొంగు క్రింద దాచుకొంటుంది. రొట్టె పళ్లెం అందించే సంఘపెద్ద ఎవరో కాదు, వారం పొడుగునా ఆమె కూలిలో కోత విధించిన గుత్తేదారే!

వ్రాతప్రతి చదివిన అతని బంధువులు రెండు సలహాలు ఇచ్చారట. మొదటిది, చివరి అధ్యాయంలో ఆ పెద్ద మారుమనస్సు పొంది, కన్నీరు కార్చి, కూలి డబ్బు తిరిగి ఇచ్చినట్లు వ్రాయవలెను. అలా వ్రాయడం ఇష్టం లేకపోతే ఆ గుత్తేదారును వేరే మతస్థుణ్ని చేయవలెను. ఇది రెండవది.

ఆ మిత్రుడు ఒకనాటి సాయంత్రం నాతో అన్న మాటలు మనసులో నాటుకొన్నవి. "మాస్టారూ, నేను ప్రార్థన చేసుకొనియే వ్రాయడానికి కూర్చుంటాను. కాని కాగితం మీదికి వచ్చిన మనుషులు నా ప్రార్థన ప్రకారం నడవరు. నాకు విశ్వాసం సన్నగిల్లిందని మా అమ్మ బెంగపెట్టుకొన్నది. నిజానికి ఈ నవల మొదలుపెట్టిన తరువాతనే నేను సువార్తను శ్రద్ధగా చదువుతున్నాను. నేను చేస్తున్నది తప్పా?" అని అడిగాడు. అతని ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. విశ్వాసి కల్పన చేయవచ్చునా? సొంతవారి దోషాలు చూపవచ్చునా? చూపితే ఏ భాషలో చూపవలెను?

మొదటి ప్రశ్నను తీసుకొందాము. కల్పన అబద్ధమనుకోవడం వలన ఈ సంశయం పుట్టినది. అబద్ధమాడేవాడు వినేవాణ్ని మోసగించాలని చూస్తాడు. కథకుడు ఇది కథయని ముందే చెప్పి కూర్చోబెడతాడు. యేసు తన బోధలో ఉపమానాలను ఎంత విరివిగా వాడినాడో క్రైస్తవ విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. తప్పిపోయిన కుమారుని కథలో ఆ తండ్రి పేరేమి, ఊరేది అని ఇంతవరకు ఎవరూ నిలదీయలేదు. ఆ తండ్రి చరిత్రలో ఉన్నా లేకపోయినా, దూరాన కొడుకును చూసి పరుగెత్తిన ఆ ముసలివాని అడుగుల చప్పుడు రెండువేల ఏండ్లుగా తండ్రులందరికీ వినబడుతూనే ఉన్నది. ఇంకొక విశేషమున్నది. ఇంటి బయట అలిగి నిలబడిన పెద్దకొడుకు చివరకు లోపలికి వెళ్లినాడా లేదా అన్నది ఆ కథ చెప్పదు. తండ్రి బ్రతిమాలుతుండగానే ఆగిపోతుంది. చివరి పేరాలో అందరినీ మార్చివేయవలెనని పట్టుబట్టే మన పెద్దలు ఈ ముగింపును ఒకసారి ఆలోచించవలెను. మిగిలిన భాగం వినేవాని అంతరాత్మకు వదలివేయబడినది.

ముస్లిం విద్యార్థులకు కూడ ఇదే చెబుతాను. యూసుఫ్ ప్రవక్త వృత్తాంతాన్ని ఖుర్ఆన్ అత్యుత్తమ గాథగా పేర్కొన్నది. ఆ గాథనే యోసేపు కథగా బైబిలు ఆదికాండము చెప్పినది. అన్నల అసూయ, బావి చీకటి, పరాయి దేశపు చెరసాల, ఇంటి దగ్గర కళ్లు కాయలు కాచిన తండ్రి, ఇవన్నీ రెండు గ్రంథాలలోనూ ఉన్నవి. కవులను గురించి ఖుర్ఆన్‌లో హెచ్చరిక ఉన్న మాట నిజమే. చేయని పనులను చెప్పుకొంటూ ఆలోచన లేక తిరిగే కవులకు ఆ హెచ్చరిక. అయితే ఆ వెంటనే విశ్వసించి సత్కార్యాలు చేసేవారికి మినహాయింపు కూడ ఉన్నది. కనుక నిషేధం కలానికి లేదు, బాధ్యత లేని మాటకు ఉన్నది.

తెలుగు నవల జన్మవృత్తాంతం కూడ ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినది. 1878లో వెలువడనారంభించిన వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రకు ప్రేరణ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ఆంగ్ల నవల. అందులో కథానాయకుడు ఒక క్రైస్తవ గురువు. ఇల్లు, సొమ్ము పోగొట్టుకొని కష్టాలపాలైన ఆ గురువు గోదావరి తీరానికి వచ్చి తెలుగు బ్రాహ్మణ గృహస్థుడైనాడు. ఆ తెలుగు నవలను తిరిగి ఒక క్రైస్తవ మిషనరీ ఇంగ్లీషులోకి అనువదించగా 1887లో అది లండనులో అచ్చయినది. ఒక మతం వారి ఇంట పుట్టిన కథ మరొక మతం వారి ఇంటికి వచ్చి, అక్కడి బట్టలు కట్టుకొని, మళ్లీ పుట్టింటికి వెళ్లి వచ్చినది. మన నవలకు పురుడు పోసిన వేళ నుంచే ఇరుగుపొరుగు మతాల రాకపోకలు ఉన్నవి.

రెండవ ప్రశ్న కఠినమైనది. సొంతవారి దోషాన్ని విశ్వాసి బయటపెట్టవచ్చునా? నా మిత్రునికి వచ్చిన రెండవ సలహాను, అనగా గుత్తేదారు మతం మార్చివేయమన్న మాటను, మంచి సమరయుని ఉపమానం ప్రక్కన పెట్టి చూడండి. నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్ర పండితునికి యేసు నిర్వచనం ఇవ్వలేదు, కథ చెప్పినాడు. దొంగలు కొట్టి పడవేసిన మనిషిని చూసి తప్పుకొని పోయినవారు ఎవరు? వినేవారి సొంత మతంలోని యాజకుడు, లేవీయుడు. ఆగి గాయాలు కట్టినవాడెవరు? వినేవారు తక్కువగా చూసే సమరయుడు. మన బంధువుల సలహా పాటించి ఉంటే ఆ కథ తలక్రిందులై ఉండేది. తప్పుకొని పోయినవాడు సమరయుడు, ఆదుకొన్నవాడు యాజకుడు అయ్యేవారు. విన్నవారందరూ తృప్తిగా తలలూపి ఇంటికి పోయేవారు. ఆ కథ ఆ సాయంత్రమే చచ్చిపోయేది.

కాబట్టి దోషాన్ని పొరుగు మతస్థుని నెత్తిన రుద్దడం విశ్వాస రక్షణ అనిపించుకోదు. అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పడమే. పది ఆజ్ఞలు తెలిసిన వారికి అదెంత పెద్ద నేరమో తెలుసు. పొరుగువాని మీద లేనిపోని నింద వేయరాదని ఇస్లాం కూడ గట్టిగా బోధించినది.

ఈ మార్గంలో నడిచినవారు మన తెలుగులోనే ఉన్నారు. 2000లో వెలువడిన జి. కళ్యాణరావుగారి అంటరాని వసంతం నవలలో రూతు అనే క్రైస్తవ స్త్రీ తన భర్త రూబేను చెప్పిన పూర్వీకుల కథలను జ్ఞాపకం చేసికొంటుంది. ఎల్లన్న పాటలు, ఊరి అంచున ఆడిన ఆటలు, కరువులో వలసలు, మిషను బడి, ఇవన్నీ ఒకరి నోటి నుండి మరొకరి చెవికి చేరినవే. మిషనరీలు ఇచ్చిన చదువును, ఆదరణను ఆ నవల చూపినది. మతం మారినంతనే అంటరానితనం మాసిపోలేదన్న చేదు నిజాన్ని కూడ దాచలేదు. చదివిన క్రైస్తవుడు దానిలో అవమానం చూడగలడా? తన తాతముత్తాతల కష్టం అక్షరానికెక్కినదన్న గౌరవాన్నే చూస్తాడు.

మలయాళంలో వైకం ముహమ్మద్ బషీర్ 1951లో ప్రకటించిన నవల ఒకటి ఉన్నది. అందులో ఒక ముస్లిం ఇల్లాలు తన తండ్రికి పెద్ద ఏనుగు ఉండేదని గొప్పలు చెప్పుకొంటూనే ఉంటుంది. ఆస్తి పోయినా, ఇల్లు పోయినా ఆ ఏనుగు మాత్రం ఆమె నోట బ్రతికే ఉంటుంది. చివరకు వీధి పిల్లలు ఆ ఏనుగు ఇసుక గుంటలో దాగే చిన్న పురుగేనని వెక్కిరిస్తారు. పాత వైభవాన్ని తలచుకొంటూ చదువుకు దూరమైన తన సమాజాన్ని బషీర్ నవ్వుతూ చూపినాడు. ఆ నవ్వులో ద్వేషం లేదు గనుకనే కేరళ ముస్లింలు ఆయనను తమవాడని చెప్పుకొంటారు.

ఈ మార్గం అన్నిచోట్లా పూలబాట కాదు. ఈజిప్టు రచయిత నగీబ్ మహఫూజ్ ప్రవక్తల కథలను తలపించే ఒక వీధి కథను 1959లో దినపత్రికలో ధారావాహికగా వ్రాస్తే మతపెద్దలు మండిపడినారు. ఆయన బ్రతికి ఉన్నంతకాలం అది స్వదేశంలో పుస్తకంగా రాలేదనియే చెప్పవలెను. 1988లో నోబెల్ బహుమానం పొందిన ఆ వృద్ధుణ్ని 1994లో ఒక యువకుడు కత్తితో మెడపై పొడిచినాడు. పొడిచినవాడు ఆ నవల చదవనేలేదని చెబుతారు. చదవకుండా వచ్చే కోపం ఎంత దూరం పోగలదో తెలుపడానికే ఈ సంగతి వ్రాసినాను.

ఇక్కడ పెద్దల భయాన్ని కూడ న్యాయంగా విచారించవలెను. మన జిల్లాలో క్రైస్తవులమైనా, ముస్లింలమైనా పిడికెడు మందిమి. ఎక్కువ సంఖ్యలో ఉన్నవారిలో ఒకడు తప్పు చేస్తే ఆ తప్పు అతనిదే. తక్కువ సంఖ్యలో ఉన్నవారిలో ఒకడు తప్పు చేస్తే ఆ మచ్చ అందరికీ అంటగట్టే అలవాటు లోకంలో ఉన్నది. మన ఇంటి లోపలి మాట బయటకు పోతే దానిని రాయిగా విసిరేవారు ఉంటారన్న భయం ఊహ మాత్రమే కాదు. ఈ భయాన్ని పిరికితనమని కొట్టిపారవేయడం నాకు ఇష్టం లేదు.

అయినా నా సమాధానం ఇది. మన కథ మనం చెప్పకపోతే చెప్పకుండా ఉండిపోదు, వేరొకరు చెబుతారు. వారికి మన వంటగది తెలియదు, మన శోకం తెలియదు. మన సినిమాలలో, చౌకబారు నవలలలో కనబడే పాస్టరును, ముల్లాను చూడండి. ఒకడు నవ్వించడానికి, మరొకడు భయపెట్టడానికి వస్తారు. వారికి ఇల్లుండదు, పిల్లలుండరు, అప్పులుండవు. ఈ బొమ్మలను చెరపడానికి మచ్చలేని మహాత్ముల బొమ్మలు గీస్తే ఎవరూ నమ్మరు. నా మిత్రుని నవలలోని ఆ గుత్తేదారుకు కూడ పెండ్లికావలసిన కూతురున్నది, తీర్చవలసిన బాకీ ఉన్నది, తన తప్పు తనకు తెలిసిన రాత్రులున్నవి. అటువంటి మనిషిని చదివిన పాఠకుడు అతణ్ని మతంతో గుర్తుపెట్టుకోడు, మనిషిగా గుర్తుపెట్టుకొంటాడు. అల్పసంఖ్యాకులకు సాహిత్యం చేయగల మేలు ఇంతకంటె మరొకటి లేదు.

నీతి కథ విఫలమయ్యే చోటు మన కళ్ల ఎదుటనే ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి కుటుంబాలను కబళిస్తున్నది. పరిశోధకులు నీటిని, మట్టిని, ఎండను, పనిని పరీక్షించినారు. కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనది. వైద్యులు తమ పని చేస్తారు. కాని వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలిసిస్‌కు పోయి వచ్చే మనిషి ఇంటిలో రాత్రి తొమ్మిది గంటలకు ఏమి మాట్లాడుకొంటారో ఏ నివేదికా చెప్పదు. అది కథకుని పని. అక్కడ విశ్వాసి అయిన కథకునికి అసలు పరీక్ష ఎదురవుతుంది. మంచివానికి ఈ కష్టమెందుకని ఆ ఇల్లాలు అడిగితే అతడేమి వ్రాయగలడు?

బైబిలులో యోబు చరిత్ర ఉన్నది. ఖుర్ఆన్‌లో ఆయనే అయ్యూబ్ ప్రవక్త, సహనానికి ప్రతిరూపం. బూడిదలో కూర్చున్న యోబు వద్దకు స్నేహితులు వచ్చి, నీవేదో పాపం చేసి ఉంటావు, అందుకే ఈ బాధయని ఓపికగా వివరించినారు. వారి మాటలు వినడానికి భక్తిగానే ఉన్నవి. కాని గ్రంథాంతంలో దేవుడు కోపగించినది ఆ స్నేహితుల మీదనే. దేవుణ్ని సమర్థించబోయి బాధితునికి అన్యాయం చేసినవారిని దేవుడే మెచ్చలేదు. ఉద్దానం ఇంటి గురించి వ్రాసే యువ రచయితలు యోబు స్నేహితులు కారాదు. సమాధానం దొరకని చోట ఆ ఇంటివారి ప్రక్కన మౌనంగా కూర్చొనగల కలమే భక్తి గల కలము.

ఇక మూడవ ప్రశ్న, భాష. ఆదివారం ప్రసంగంలో వినిపించే తెలుగు ఒకటి. కొబ్బరి తోటలో, జీడి కర్మాగారంలో వినిపించే తెలుగు మరొకటి. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెనిగించగా అవి 1812లో సెరంపూరులో అచ్చయినవి. అప్పటి నుండి తరతరాల అనువాదకుల చేతిలో బైబిలు తెలుగు తనదైన గాంభీర్యాన్ని సంతరించుకొన్నది. అక్షరం రాని అమ్మమ్మలు సైతం ఆ గ్రాంథిక వాక్యాలను కంఠస్థం చేసి ప్రార్థనలో తడబడకుండా పలుకుతారు. వారే తోటలోకి పోతే ఒరియా యాస కలిసిన ఉద్దానం పలుకుబడిలో మనుమణ్ని "ఓ గుంటా!" అని కేకవేస్తారు, "ఏటి?" అని ప్రశ్నిస్తారు.

నవలలోని ఆ ఇల్లాలు తుఫాను రాత్రి దేవుణ్ని ఏ తెలుగులో పిలిచినది? నా మిత్రుడు ఈ ప్రశ్నతో మూడు నెలలు పెనుగులాడినాడు. పైకప్పు ఎగిరేదాకా ఆమె నేర్చుకొన్న ప్రార్థనలోని తెలుగునే పలికినదనీ, పైకప్పు ఎగిరిపోయిన తరువాత తన తల్లిని పిలిచినట్లు ఉద్దానం మాటలోనే పిలిచినదనీ చివరకు వ్రాసినాడు. ఆ పుట చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇంతింతయని చెప్పలేను. వేదాంత గ్రంథాలు చెప్పలేని సంగతిని ఒక మాట మార్పు చెప్పినది.

ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. 1803లో పర్లాకిమిడి సమీపాన మదనాపురంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి క్రైస్తవ భక్తిని మన రాగతాళాల కీర్తనలలో పొదిగినాడు. 1890లో ఆయన మరణించిన తరువాత కూడ తెలుగు చర్చీలలో ఆ కీర్తనలు ఆగలేదు. పలాస దగ్గరి బొడ్డపాడులో ఆలయ పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను తన రాజకీయ విశ్వాసానికి వాహనం చేసికొని 1969లో ప్రాణం కోల్పోయినాడు. ఆయన మార్గంతో ఏకీభవించనివారు కూడ జనుల నోటి భాషలో చెప్పిన కథకు గల బలాన్ని కాదనలేరు. కారా మాస్టారుగా పేరొందిన కాళీపట్నం రామారావుగారు విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉంటూనే యజ్ఞం వంటి కథలు వ్రాసినారు. 1997లో ఆయన శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలకు కాణాచి. రైలెక్కితే గంటన్నర, రెండు గంటల దూరం. మన విద్యార్థులలో ఎందరు దాని గడప తొక్కినారు?

ఇంటిలో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే ముస్లిం పిల్లలకు కూడ ఈ భాషా సమస్య ఉన్నది. తెలుగులో వ్రాస్తే తమ దీన్ పలుచబడుతుందని కొందరి సంశయం. పిఠాపురం ఉమర్ అలీషా కవి 1945లో మరణించేదాకా తెలుగులోనే కావ్యాలు, నాటకాలు, నవలలు వ్రాసినారు. ఖదీర్ బాబు 1999లో తెచ్చిన దర్గామిట్ట కథలలో మన ఇండ్లలోని మాట, మన అమ్మల కోపం, మన పండుగనాటి లేమి యథాతథంగా ఉన్నవి. వీటి వలన తెలుగు పెరిగినది, ఎవరి విశ్వాసమూ తరగలేదు.

అన్నిటికంటె నాకు ప్రీతిపాత్రమైన ఉదాహరణ గుఱ్ఱం జాషువా. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ క్రైస్తవ కవి 1932లో ఫిరదౌసి కావ్యం వ్రాసినాడు. గజనీ సుల్తాను మాట తప్పినందువలన గుండె పగిలిన పారశీక ముస్లిం కవి వేదన అది. కులం పేరిట అవమానాలు పడిన వినుకొండ కవికి ఎన్నడూ చూడని తూసు నగరపు కవి తోబుట్టువైనాడు. ఆ కావ్యం వ్రాయడానికి జాషువా ముస్లిం కావలసిన పని లేకపోయినది, క్రైస్తవుడు కాకుండా పోనూ లేదు. తన గాయం ద్వారా మరొకని గాయాన్ని గుర్తించినాడు. సమరయుని ఉపమానం సాహిత్యంలో ఆచరణకు వస్తే ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాటకు వస్తాను. మన వార్షిక సంచికకు వచ్చే కథలలో అధికభాగం ఒకే అచ్చులో పోసినట్లుంటున్నవి. మొదటి పుటలో దుర్మార్గుడు, రెండవ పుటలో దుర్ఘటన, మూడవ పుటలో పశ్చాత్తాపం. మన పిల్లలకు లోకం తెలియక ఇలా వ్రాస్తున్నారా? వారిలో జీడి కర్మాగారానికి పోయే తల్లుల బిడ్డలున్నారు, గుజరాతు రేవులకు చేపల వేటకు పోయిన తండ్రుల కోసం ఎదురుచూసే బిడ్డలున్నారు, ఆసుపత్రి వరండాలో పరీక్షలకు చదువుకొన్న బిడ్డలున్నారు. వారికి తెలిసిన దానిని వదలి, మనకు ఇష్టమనుకొన్న దానిని వ్రాస్తున్నారు. ఎందుకంటే ఏది అచ్చవుతుందో వారు కనిపెట్టినారు.

కళాశాల సంఘ సభ్యులకు నాలుగు మనవులు. కథను ఎన్నిక చేసేటప్పుడు నీతి ఉన్నదా అని అడుగుటకు ముందు నిజమున్నదా అని అడుగవలెను. తప్పు చేసిన పాత్ర మతాన్ని మార్చమని ఏ విద్యార్థినీ ఎన్నడూ కోరరాదు. ప్రతి సంచికలోనూ ఉర్దూ విభాగం నుండి ఒక కథ తెలుగులోకి, తెలుగు విభాగం నుండి ఒక కథ ఉర్దూలోకి విద్యార్థుల చేతనే అనువాదం చేయించవలెను. గ్రంథాలయంలో పైన పేర్కొన్న పుస్తకాలు ఒక్కొక్కటి రెండేసి ప్రతులైనా ఉంచవలెను. వీటికి పెద్ద ఖర్చు లేదు, కొంచెం ధైర్యం చాలును.

విద్యార్థులకు కూడ ఒక మాట. స్వేచ్ఛ అడిగేవాడు దాని బరువు కూడ మోయవలెను. పొరుగింటివాని మీద కక్ష తీర్చుకోవడానికి అతని రూపురేఖలు, ఇంటి గుర్తులు పెట్టి వ్రాసేది కథ అనిపించుకోదు. సొంత సమాజాన్ని తిట్టినందుకు బయటివారు కొట్టే చప్పట్ల కోసం వ్రాసేది కూడ సాహిత్యం కాదు. మీరు చూపే తప్పు వలన మీకు కూడ నొప్పి కలుగుతున్నదా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. నొప్పి ఉన్నట్లయితే నిర్భయంగా వ్రాయండి. వీలైతే ముస్లిం విద్యార్థి ఒక క్రైస్తవ ఇంటిని గురించి, క్రైస్తవ విద్యార్థి ఒక ముస్లిం ఇంటిని గురించి, ఇద్దరూ తమ చుట్టూ ఉన్న హైందవ సోదరుల ఇండ్లను గురించి వ్రాయండి. అందుకోసం ముందుగా ఆ ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లవలసి వస్తుంది. ఆ వెళ్లడంలోనే సగం కథ ఉన్నది.

విశ్వాసి కథకుడు కావచ్చునా అన్న ప్రశ్నకు నా జవాబు, తప్పక కావచ్చును. విశ్వాసం కూరలోని ఉప్పు వలె కథలో కరగి ఉండవలెను. పైకి తేలిన ఉప్పు నోటికి చేటు, వేయని ఉప్పు కూరకు లోటు. దేవుడు సత్యస్వరూపుడని నమ్మినవాడు సత్యాన్ని చూచి జంకవలసిన పని లేదు. వచ్చే సంవత్సరపు సంచికకు అటువంటి కథ ఒక్కటైనా వచ్చి, దానిని మనం కోత లేకుండా అచ్చు వేయగలిగితే, ఈ పత్రిక తన పేరును సార్థకం చేసికొన్నట్లే.